ఎవరి నుంచి వచ్చింది

ఉప్పుజ్వరం తగ్గిన మరుసటి ఏడు సాంతెలీ దీవిలో జనం గబ్బిలాలను చంపడం మొదలుపెట్టారు.

అవి చూరుకు వేలాడే చిన్న గబ్బిలాలు కావు. రెక్కలు విప్పితే దాదాపు బారెడు. నక్క మూతి, మెడ చుట్టూ తేనెరంగు జూలు. పగలంతా నల్లలోయలో చెట్లకు తలకిందులుగా వేలాడి, పొద్దు వాలగానే గుంపులుగా లేచి పళ్ళు వెతుక్కుంటూ పోయేవి. హిందూ మహాసముద్రం మధ్యలో ఉన్న ఆ చిన్న దేశంలో తప్ప మరెక్కడా అవి లేవు. అవి కొరికి వదిలిన లిచీ పళ్ళు తిన్న పిల్లలకే జ్వరం వచ్చిందని ఎవరో అన్నారు. ఎవరన్నారో తెలియదు. ఇంటికొకరిని పోగొట్టుకున్న జనానికి ఆ మాట చెవిన పడ్డాక మరో మాట తలకెక్కలేదు.

ఇందుమతి తమ్ముడు రాజేన్ ముందుగా తన పెరట్లో లిచీ చెట్టు నరికేశాడు. ఆ చెట్టు కింద ఏరుకు తిన్న పండే తన కూతుర్ని పొట్టన పెట్టుకుందని అతని నమ్మకం. ఆరేళ్ళ తేజు. జ్వరం వచ్చిన పిల్ల ఒళ్ళంతా చెమట ఆరి ఉప్పు తెల్లగా పేరుకుంటే, తల్లి కోకిల తడిగుడ్డతో తుడుస్తూనే ఉంది. తుడిచిన చోట మళ్ళీ పేరుకుంటూనే ఉంది. పిల్ల పోయాక రాజేన్ చేపల వలలు చెట్ల మధ్య కట్టి గబ్బిలాలను పట్టడం నేర్చుకున్నాడు. కోరంగి వీధి మగవాళ్ళంతా అతని వెంట నడిచారు.

కోరంగి వీధి ఓడరేవు పట్నంలో తెలుగువాళ్ళ వీధి. వాళ్ళ ముత్తాతలు చెరకు తోటల్లో కూలికని కోరంగి రేవులో ఓడెక్కి వచ్చినవాళ్ళు. బయట అందరితో క్రియోల్ మాట్లాడినా, ఇళ్ళలో పెద్దవాళ్ళ నోట పాత తెలుగు ఇంకా ఉంది. ఇందుమతి ఆ వీధిలోనే పుట్టి, పెద్ద చదువు చదివి, దీవిలోని జీవవైవిధ్య పరిశోధనాలయంలో చేరింది. గబ్బిలాలే ఆమె పని. అక్క లోయలో గబ్బిలాలకు గుర్తులు కడుతుంటే తమ్ముడు వాటిని చంపి గోతిలో వేస్తున్నాడు. ఇద్దరూ ఒకే ఇంట్లో, తల్లి అప్పలమ్మ వండిన అన్నమే తినేవాళ్ళు. ఆ ఊసు మాత్రం ఎత్తేవాళ్ళు కారు.

వానలు వెనకబట్టాక ప్రభుత్వం ఒక నిర్ణయం తీసుకుంది. పళ్ళ కాలం మొదలయ్యేలోగా నల్లలోయలో మిగిలిన గబ్బిలాలన్నిటినీ తుడిచిపెట్టేస్తారు.

"ఆ తర్వాత అడివి కూడా అంతే," అన్నాడు పరిశోధనాలయం పెద్ద ఎమిల్ రివే. నెరిసిన గడ్డం, వంగిన నడుము, బతుకంతా దీవి చెట్ల మధ్య గడిపిన మనిషి. "నల్లచేవ చెట్టు గింజ గబ్బిలం నోట పడితే తప్ప మొలవదు. చెట్లు పోతాయి, వాటి వెనకే ఏర్లు పోతాయి. ఈ సంగతి చెబితే ఏమంటారో తెలుసా? మా పిల్లల కంటే నీకు చెట్లు ఎక్కువా అంటారు."

"వాళ్ళు చెట్ల గురించి వినరు సర్. జ్వరం ఎక్కణ్ణుంచి వచ్చిందో చూపిస్తే వింటారు," అంది ఇందుమతి.

అలా మొదలైంది జాడయంత్రం.

దాని వెనక ఉన్న ఆలోచన చిన్నదే. జ్వరం తెచ్చే వైరస్ ఒక ఒంట్లో పుట్టి ఇంకో ఒంట్లోకి పోయేటప్పుడు ఉత్త ఒంటితో పోదు. పుట్టిన చోటి పొరను కాస్త చించి పైన కప్పుకుపోతుంది, అరువు చీర కట్టుకుని పేరంటానికి వెళ్ళిన మనిషిలా. ఏ ఇద్దరి ఒంటి పొరా ఒకే నేత కాదు. కొత్త ఒళ్ళు ఆ వైరస్‌తో పోరాడేటప్పుడు దాన్ని గుర్తుపెట్టుకున్నట్టే, అది కట్టుకొచ్చిన చీరనూ గుర్తుపెట్టుకుంటుంది. జ్వరం తగ్గినా ఆ గుర్తు నెత్తుట్లో ఏళ్ళ తరబడి నిలిచిపోతుంది. ఆ గుర్తును చదవగలిగితే చీర ఎవరిదో తెలుస్తుంది. అంటే జ్వరం ఎవరి నుంచి వచ్చిందో తెలుస్తుంది.

మొదటగా చెయ్యి చాచింది రివేనే. ఆయనకూ ఆ జ్వరం వచ్చి తగ్గింది. ఆయన భార్య సిమోన్‌కు తగ్గలేదు. ఆస్పత్రిలో దాచి ఉంచిన ఆమె నెత్తురు చుక్కతో ఆయన నెత్తురును కలిపి చదివినప్పుడు, తెర మీద రెండు గీతలు ఒకదాని పక్కన ఒకటి నడిచి, ఒకచోట కలిసిపోయాయి. యంత్రం పనిచేసిందని అక్కడున్న కుర్రవాళ్ళంతా చప్పట్లు కొట్టారు. ఇందుమతి కొట్టలేదు. తెరలో ఏ గీత ముందో, ఏది వెనకో ఆమెకు కనిపిస్తోంది.

"చెప్పు," అన్నాడు రివే.

"ఆమె నుంచి మీకు వచ్చింది సర్. మీ నుంచి ఆమెకు కాదు."

ఆయన కుర్చీలో కూలబడి రెండు చేతుల్లో మొహం దాచుకున్నాడు. చాలాసేపటికి తలెత్తాడు. "నేనే తెచ్చి అంటించాననుకున్నాను. అడివి తిరుగుళ్ళు నావే కదా. ఇన్నాళ్ళూ ఆమె ఫొటో గోడకేసి తిప్పి పెట్టాను," అన్నాడు. మర్నాడు ఆయన మొహంలో ఏదో కాస్త సడలినట్టు కనిపించింది. నిజం తెలియడం మంచిదేనని ఆ రోజు ఇందుమతి అనుకుంది. ఎంత చేదైనా, మనసులో పుండుగా మిగిలే అనుమానం కంటే నయమని నమ్మింది.

ఆరోగ్యశాఖ కార్యదర్శి ఆమె మాటలు ఓపిగ్గానే విన్నాడు. "మొత్తం గొలుసు చూపించండి. మొదటి మనిషి దాకా. మధ్యలో ఒక్క ముడి తెగినా, గబ్బిలం అక్కడే దూరిందంటారు జనం. నేనూ కాదనలేను," అన్నాడు.

ఇందుమతి, ఆమెతో పనిచేసే కుర్రవాళ్ళు ఇల్లిల్లూ తిరిగి జ్వరం వచ్చి బతికినవాళ్ళ నెత్తురు తీసుకున్నారు. పోయినవాళ్ళవి ఆస్పత్రిలో దొరికాయి. గీతకు గీత అతుక్కుంటూ వచ్చింది. కొండమీది తోటల నుంచి పట్నానికి, పట్నంలో ఇళ్ళ నుంచి బడికి, బడి నుంచి ఒక తరగతికి. ఆ తరగతిలో గీతలన్నీ ఒక్క పిల్ల దగ్గరికి వచ్చి ఆగాయి.

తేజు.

ఇందుమతి తెర ముందు అలాగే కూర్చుండిపోయింది. మేనకోడలి పేరును అంకెగా మార్చి పెట్టింది తనే. ఆ అంకె ఎవరిదో చూడకుండానే ఆమెకు తెలుసు. గడ్డకట్టించి దాచిన ఆ చిన్న నెత్తురు చుక్కలోని గుర్తును చదివింది. పెద్దవాళ్ళది, నెత్తుటి సంబంధం ఉన్న మనిషిది ఆ పొర. గబ్బిలానిది కాదు.

ఇందుమతి ముందు తన నెత్తురే తీసి చూసింది. తర్వాత రాజేన్, కోకిల చేతులు చాచి ఇచ్చారు. ఎవరిదీ కలవలేదు. మిగిలింది అప్పలమ్మ ఒక్కతే.

అప్పలమ్మ రేవులో ధాన్యం గోదాములు ఊడ్చే పనికి పోయేది. ఓడల్లోంచి దింపే బస్తాల నుంచి ఒలికిన గింజలు కొంగున కట్టుకొచ్చి కోళ్ళకు చల్లేది. కూతురు సూది పట్టుకు వస్తే ఆమె నవ్వింది.

"నాకు జొరమే రానేదు గదే. నా రగతం నీకెందుకు?"

"ఇంట్లో నువ్వొక్కదానివే మిగిలావమ్మా. అందరిదీ తీశాను."

"తీసుకో మరి. ముసిలి రగతం, నీ మిసను సెడిపోగల్దు." చెయ్యి చాచింది. సూది దిగుతుంటే మొహం పక్కకు తిప్పుకుని ఏదో గుర్తొచ్చినట్టు అంది, "పాపకి ఒంట్లో బాగునేకుండా అవకముందు రెండు రోజులు నాకూ ఒళ్ళునొప్పులు సేసినాయి. గోదాంలో ఒంగి తుడిసేం గదా, దాన్నించి. పన్లోకి ఎల్లిపోనాను."

ఇందుమతి దూది అద్ది, చెయ్యి మడిచి పట్టుకోమని చెప్పింది.

తేజు మీది చీర అప్పలమ్మదే. రెండు గీతలూ అంచుకు అంచు కలిశాయి. మరి అప్పలమ్మ మీది చీర? అది మనిషిది కాదు. గబ్బిలంది కూడా కాదు. ఇందుమతి దాన్ని కుక్కతో, కోతితో, పందికొక్కుతో పోల్చి చూసింది. చివరికి గోదాముల్లో బోను పెట్టి పట్టిన చుంచెలుకతో సరిపోయింది. ఎక్కడి ఓడలోనో వచ్చి బియ్యం బస్తాల మధ్య దిగి, రేవులో పిల్లల్ని పెట్టిన చుంచు. అది మూతి పెట్టిన గింజల్ని చేత్తో పోగుచేసి కొంగున కట్టిన మొదటి మనిషి అప్పలమ్మ. దీవిలో ఉప్పుజ్వరం ఆమెతో మొదలైంది.

రివే ఆ కాగితాలు చదివి బల్ల మీద పెట్టాడు. "ఈ ఒక్క ముడి తీసేసి ఇవ్వలేమా?"

"తీస్తే ఆ ఖాళీలో గబ్బిలాన్ని కూర్చోబెడతారు సర్. ఓడల్నీ ఎవరూ చూడరు. రేపు ఇంకో ఓడ వస్తుంది, ఇంకో చుంచు దిగుతుంది."

"పేర్లుండవుగా?"

"గోదాము ఊడ్చే ఆడమనిషి, ఆమె మనవరాలు, ఆ పిల్ల చదివిన బడి. కోరంగి వీధిలో ఇంక పేరెందుకు సర్?" అంది ఇందుమతి. "అమ్మకు ఎవరో వచ్చి చెప్పేలోగా నేనే చెప్పుకోవాలి."

ఆమె ఇంటికి చేరేసరికి మధ్యాహ్నం ఎండ వంటింటి గడప దాకా వచ్చింది. అప్పలమ్మ కత్తిపీట ముందు కూర్చుని పచ్చి బొప్పాయి తరుగుతోంది. ఇందుమతి ఎదురుగా నేల మీద కూర్చుంది. ఎలా ఎత్తుకోవాలో దారంతా అనుకుంటూనే వచ్చింది.

తల్లి కూతురి మొహం చూసింది. కత్తిపీట మీద చెయ్యి ఆగింది.

"నా నుంచేనేటే?"

ఆ క్షణాన ఇందుమతి కాదనగలిగేది. కాదమ్మా అంటే చాలు, ఆమె నమ్మేది. రివే మొహం గుర్తొచ్చింది. తేలికపడిన మొహం.

"అవునమ్మా. గోదాంలో చుంచు నుంచి నీకు."

"పాపకి?"

"నీ నుంచి."

అప్పలమ్మ బొప్పాయి ముక్క తీసి పళ్ళెంలో వేసింది. ఇంకోటి తరిగింది.

"ఆ దినం సేపల పులుసెట్టినాను," అంది తల్లి చివరికి. "పాపకి ముల్లు గుచ్చుకుంటాదని నా పళ్ళతోనే ముల్లు తీసి, ముద్ద పెట్టినాను. మామ్మా ఇంకోటి, ఇంకోటి అని తింది."

"అమ్మా, నీకు తెలీదు కదా."

"బడి పిల్లలకి?"

"పాప నుంచి."

"గంగయ్య కొడుకులిద్దరికీ?"

"అమ్మా..."

"గంగయ్య కొడుకులిద్దరికీ అని అడుగుతున్నాను."

"బడి నుంచే."

"రొట్టెలమ్మే మరియాకి? దాని అత్తకి? సివరింటి నూకయ్యకి?" ఒక్కొక్క ఇంటినీ తలుచుకుంటూ వీధి చివరి దాకా వెళ్ళింది. ఇందుమతి ఆమె చేతులు పట్టుకుని ఆపమని ఏడిచింది. అప్పలమ్మ ఏడవలేదు. కూతురి చేతుల్లోంచి తన చేతులు మెల్లగా తీసుకుని చీర కుచ్చిళ్ళకు తుడుచుకుంది. ఆ తర్వాత ఇక ఆమె తనంతట తాను ఎవరినీ తాకలేదు.

"అయితే గబ్బిలాయిలు ఏ పాపమూ సెయ్యనేదన్నమాట," అంది. "రాసీయి. ఉన్నదున్నట్టు రాసీయి. తమ్ముడికి మాత్రం నువ్వే సెప్పు. ఆడు పేపర్లో సూడకూడదు."

రాజేన్ పెరట్లో వల సరిచేసుకుంటున్నాడు. కొట్టేసిన లిచీ మొద్దు మీద కూర్చుని అక్క చెప్పిందంతా విన్నాడు. కోకిల తలుపు దగ్గర నిలబడి విన్నది. అరుస్తాడనుకుంది ఇందుమతి. అతను వల మడత పెట్టాడు, మళ్ళీ విప్పాడు.

"నీ మిసను తప్పు సెప్పుండొచ్చు గదా, అప్పా?"

"నాలుగుసార్లు చూశాన్రా."

"వలలో పడ్డ వాటికి పొట్టకి కరుచుకుని పిల్లలుండేవి," అన్నాడు అతను నేల చూస్తూ. "తల్లిని కొట్టినా అవి వదిలేవి కావు. తేజును తలుచుకుని వాటినీ కొట్టినాను."

కోకిల అప్పుడు మాట్లాడింది. "అత్త కావాలని సేసిందేటి? ఎవలూ ఆవిణ్ణి ఏటీ అనకండి." అని లోపలికి వెళ్ళి తలుపేసుకుంది. లోపల్నుంచి చాలాసేపు నీళ్ళు పోసుకుంటున్న చప్పుడు వినిపించింది.

ఎవరూ ఏమీ అనలేదు. ఆ రాత్రి రాజేన్ ఆకలిలేదన్నాడు. మర్నాడూ అన్నాడు. ఆ తర్వాత కోకిల వేరే గిన్నెలో వండి పెడితే తిన్నాడు. అప్పలమ్మ అది చూసి, తన వంట తనకూ ఇందుమతికీ సరిపోయేంతకు తగ్గించింది. నెల తిరక్కుండా తమ్ముడూ మరదలూ రేవు అవతల కోకిల పుట్టింటి వైపు ఇల్లు చూసుకుని వెళ్ళిపోయారు. వెళ్ళేటప్పుడు రాజేన్ తల్లి కాళ్ళకు దండం పెట్టబోయాడు. ఆమె చటుక్కున వెనక్కి జరిగి, "సల్లగుండండి" అని దూరం నుంచే అంది.

నివేదిక బయటికొచ్చింది. నల్లలోయ మీది నిర్ణయాన్ని ప్రభుత్వం వెనక్కి తీసుకుంది. పళ్ళ తోటలకు వలకప్పులు ఇచ్చారు. గోదాములన్నిటికీ పొగబెట్టారు. రేవుకొచ్చే ప్రతి ఓడనూ వెతకడం మొదలుపెట్టారు. ఎండలు ముదిరే వేళకు ఒక గోధుమ ఓడలో మళ్ళీ ఆ జ్వరమే ఉన్న చుంచులు దొరికాయి. ఓడను సముద్రంలోనే ఆపేశారు. ఆ ఒక్క పనితో ఎన్ని ఇళ్ళు నిలబడ్డాయో ఎవరూ చెప్పలేరు. పై దేశాల నుంచి ఇందుమతికి పిలుపులొచ్చాయి. ఆమె దేనికీ వెళ్ళలేదు.

కోరంగి వీధిలో అప్పలమ్మను ఎవరూ పల్లెత్తు మాట అనలేదు. రామభజన నాడు ఆమె ప్రసాదం పళ్ళెం పట్టుకుంటే, ముందున్న చేతులు ఎందుకో వెనక్కి పోయాయి, అంతే. ఆమె పళ్ళెం కింద పెట్టేసి ఇంటికి వచ్చింది. మళ్ళీ భజనకు పోలేదు. గోదాము పనికీ పోలేదు. కోళ్ళను ఎవరికో ఇచ్చేసింది.

గంగయ్య మాత్రం వచ్చాడు. ఇద్దరు కొడుకుల్నీ పోగొట్టుకున్న మనిషి. పొద్దున్నే వచ్చి వీధిలో, వాళ్ళ గుమ్మానికి ఎదురుగా నిలబడేవాడు. తిట్టేవాడు కాదు, రాయి విసిరేవాడు కాదు. ఊరికే నిలబడేవాడు. ఇందుమతి వెళ్ళి మాట్లాడబోతే అప్పలమ్మ ఆపింది. తనే అరుగు మీదికి వెళ్ళి, అతను నిలబడినంతసేపూ అతనికి ఎదురుగా నిలబడింది. అలా కొన్నాళ్ళు గడిచాయి. ఒకరోజు గంగయ్య నోరు విప్పాడు.

"కూకో అప్పలమ్మా. ఎంతసేపు నిల్సుంటావు, మోకాళ్ళు సెడ్డయి గదా నీయి," అన్నాడు. ఆ మాటతో అతనికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే వెళ్ళిపోయాడు. మళ్ళీ రాలేదు.

అంతటితో అయిపోలేదు. తమవాళ్ళకు జ్వరం ఎవరి నుంచి వచ్చిందో తెలుసుకునే హక్కు మాకుందని జనం అడిగారు. ప్రభుత్వం సరేనంది. పరిశోధనాలయం గేటు ముందు పొద్దున్నుంచే వరస కట్టారు. లోపల కిటికీ పక్క బల్ల దగ్గర ఇందుమతి కూర్చుని ఒక్కొక్కరికీ చెప్పేది. తండ్రికి ఎవరి నుంచి, బిడ్డకు ఎవరి నుంచి. కొందరు దండం పెట్టి వెళ్ళేవారు. ఒకతను అక్కడే తన తమ్ముడి చొక్కా పట్టుకున్నాడు. ఒక భార్య విని, పక్కనే ఉన్న భర్తను అక్కడే వదిలేసి ఒక్కతే బస్సెక్కి వెళ్ళిపోయింది. దగ్గరగా బతికినవాళ్ళే దగ్గరివాళ్ళకు అంటించారు. ముద్ద పెట్టిన చెయ్యి, నుదురు తడిమిన చెయ్యి, పక్కన పడుకున్న ఒళ్ళు. ఆ బల్ల దగ్గర ఆమె చెబుతున్నది ఇంకేమీ కాదు.

ఒకనాడు కొండమీది చెరకు తోటల నుంచి ఒక ముసలామె వచ్చింది. పేరు పైడితల్లి. ఇస్త్రీ మడత నలగని తెల్లచీర కట్టుకుంది, కాళ్ళకు ఎర్రమట్టి. ఆమెకు జ్వరం వచ్చి తగ్గింది, భర్త పోయాడు. తెర మీద రెండు గీతలు కలిశాయి. ఆమెది ముందు, అతనిది వెనక.

"నాకు అనుమానమే తల్లీ," అంది పైడితల్లి, తెర వంక చూడకుండా. "జొరంలో సలేస్తందని నేనే ఆణ్ణి దగ్గిరికి పిలిసినాను. దుప్పటి సాలక ఆనుకుని తొంగున్నాడు. అప్పట్నించి ఆ దుప్పటి కప్పుకోనేదు నేను. నిజిం సెప్పు. ఏదైనా సరే ఇనడానికే వొచ్చినాను."

ఇందుమతి ఆమె మొహం చూసింది. ఆ మనిషి చేతులు ఒడిలో ఒకదాన్నొకటి పట్టుకుని ఉన్నాయి.

"మీ నుంచి కాదమ్మా," అంది.

"కాదా?"

"కాదు. బయటెక్కడో సోకింది ఆయనకి. ఎవరి నుంచో ఈ యంత్రానికి అందలేదు. మీ నుంచి మాత్రం కాదు. మీకే ఆయన నుంచి వచ్చింది."

పైడితల్లి కొంగు నోట కుక్కుకుంది. భుజాలు ఎగిసెగిసి పడ్డాయి. కాసేపటికి లేచి, ఇందుమతి తల మీద చెయ్యి పెట్టి వెళ్ళిపోయింది. ఆమె గేటు దాటేదాకా చూసి ఇందుమతి తెర ఆపేసింది. బయట వరసలో ఉన్నవాళ్ళకు యంత్రం చెడిందని చెప్పి పంపేయమంది.

రివే గదికి వెళ్ళి అంది, "ఇక మనుషుల పేర్లు చదవను సర్. మనిషి నుంచా, జంతువు నుంచా, అంతవరకే చదివేలా దీన్ని మార్చేస్తాను. మిగతాది తుడిచేస్తాను. ఇవాళ ఒకావిడకు అబద్ధం చెప్పాను."

ఆయన సరేనన్నట్టు తలూపాడు. ఆమె తలుపు దాకా వెళ్ళింది.

"ఇందుమతీ," అన్నాడు వెనక నుంచి. "సిమోన్ విషయంలో నువ్వు నాకు చెప్పింది..."

"అది నిజమే సర్."

"నిజమేనా?"

"నిజమే."

ఆయన చాలాసేపు ఆమెను చూశాడు. "సరే," అన్నాడు. నమ్మాడో లేదో ఆమెకు తెలియలేదు. ఇక ఏనాటికీ తెలియదని మాత్రం అర్థమైంది.

ఇల్లు చేరేసరికి పొద్దు వాలుతోంది. అప్పలమ్మ అరుగు మీద గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. నల్లలోయ నుంచి గబ్బిలాలు అప్పుడే లేచాయి. ఇళ్ళ మీదుగా, రేవు మీదుగా, మబ్బు కదిలినట్టు పోతున్నాయి. వీధిలో ఎవరూ వాటిని అదిలించలేదు. వాటి పొట్టలకు పిల్లలు కరుచుకుని ఉండే కాలం అది.

ఇందుమతి చెప్పులు విడిచి తల్లి పక్కన, ఆమె ఉంచే ఆ జానెడు దూరంలో కూర్చుంది.

"ఏటే, మొకం అలాగున్నాది?"

"ఇవాళ ఒకావిడకి అబద్ధమాడానమ్మా. నీ ఈడు మనిషి. మొగుడికి ఆవిడ నుంచే వచ్చింది. కాదని చెప్పాను."

"నమ్మినాదా?"

"నమ్మింది. నా తల మీద చెయ్యి పెట్టి వెళ్ళింది."

అప్పలమ్మ చివరి గబ్బిలం దాటిపోయేదాకా ఆకాశంకేసి చూసింది. "మంచి పని సేసినావు," అంది. "పాపం, రేత్రి నిద్దరోతాది."

కోపం లేకుండా, పక్కింటి సంగతేదో అడిగినట్టు మెల్లగా అడిగింది.

"మరి నాకెందుకు అబద్దమాడనేదే, తల్లీ?"

ఇందుమతి నోరు విప్పబోయింది. గబ్బిలాలు, ఓడలు, గొలుసు, ముడి, అన్నీ ఉన్నాయి చెప్పడానికి. అన్నీ నిజాలే. తల్లి జవాబు కోసం చూడలేదు. మోకాళ్ళ మీద చేతులూని లేచి, దీపం పెట్టడానికి లోపలికి వెళ్ళింది.